మియాటాకి వాడిన ఇంజిన్ ఎక్కించిన మూడు వారాంతాలు

కారు 1994 మజ్దా మియాటా, 1.8 లీటర్ల మోడల్, అయిదు గేర్ల మాన్యువల్. పని జరిగింది డాలస్ శివారులో, రెండు కార్లు పట్టే మామూలు ఇంటి గ్యారేజ్‌లో. ఇంజిన్ దించడం, ఎక్కించడం అనగానే అందరికీ హాయిస్టు (ఇంజిన్‌ని ఎత్తే చిన్న క్రేను), గొలుసులు, వేలాడే ఇనుప ముద్ద కళ్లముందుకొస్తాయి. నిజానికి ఆ వేలాడదీసే పని మొత్తం కలిపి మూడు గంటలు. మిగిలిన కాలమంతా పట్టింది కొన్న ఇంజిన్‌ని నేల మీద ఉండగా సిద్ధం చేయడానికి, పాతదాని మీంచి ఏది విప్పి కొత్తదానికి పెట్టాలో చూసుకోవడానికి. అందుకే ఇక్కడ వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు, ఇంజిన్ నిజంగా పోయిందో లేదో. ఆయిల్ తగ్గిపోయి నడిచిన బండి. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ వదిలితే కింద నుంచి టక టక వినబడేది. నడుస్తుండగా ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి చూస్తే (రబ్బరు గ్లవ్స్ వేసుకుని) మూడో సిలిండర్ వైరు తీసినప్పుడు చప్పుడు సగానికి తగ్గింది. పేలుడు ఒత్తిడి లేకపోతే శబ్దం తగ్గిందంటే ఆ సిలిండర్ పిస్టన్‌ని క్రాంక్ అనే ప్రధాన ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగే పోయిందన్నమాట. ఆయిల్ దింపి ఎండలో చూస్తే వెండిపొడి కలిపినట్టు మెరిసింది. ఈ దశకి వచ్చాక కొత్త బేరింగులు తొడిగి చూద్దాం అనుకోకూడదు. క్రాంక్ గీసుకుపోయి ఉంటుంది, మెషిన్ షాపులో రుద్దించాలి, ఆ రజను తిరిగిన దారులన్నీ కడగాలి. ఆ ఖర్చుకి మంచి వాడిన ఇంజిన్ రెండు వస్తాయి.

ఏ సంవత్సరం ఇంజిన్ అన్నది తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కాదు. 1990–93 కార్లలో ఉన్నది 1.6. 1994–97 మధ్య 1.8, అంటే 1839 సీసీ. 1999 నుంచి సిలిండర్ హెడ్ మారింది, 2001 నుంచి వేరియబుల్ వాల్వ్ టైమింగ్ వచ్చింది. అవి కూడా పడతాయి, కానీ వైరింగ్, మానిఫోల్డ్, ఈసీయూల (ఇంజిన్ కంప్యూటర్ల) గొడవ మొదలవుతుంది. 1996లో ఓబీడీ-2 (కారు తన లోపాలను తనే గుర్తించే పద్ధతి) వచ్చినప్పుడు ముందు క్రాంక్ పుల్లీ దగ్గర అదనంగా ఒక సెన్సర్ పెట్టారు. నా కారు దానికి ముందుది కాబట్టి 1994 లేదా 1995 ఇంజిన్ దొరికితే ఏ తలనొప్పీ లేదు. వెనక నుంచి గుద్దించుకుని తుక్కు యార్డుకి వచ్చిన 1995 కారు దొరికింది. ముందు భాగం చెక్కుచెదరలేదు. ఇంజిన్‌కి 450 డాలర్లు.

యార్డులో ఇంజిన్ ఇంకా కారులోనే ఉంది కాబట్టి పోర్టబుల్ బ్యాటరీతో కంప్రెషన్ (సిలిండర్లలో పుట్టే ఒత్తిడి) చూశాను. నాలుగు ప్లగ్గులూ తీసి, ప్లగ్గులకి కరెంటు పంపే కాయిల్ కనెక్టర్ ఊడదీసి, థ్రాటిల్ (ఇంజిన్‌కి గాలి వదిలే తలుపు) పూర్తిగా తెరిచి పట్టుకుని తిప్పాలి. థ్రాటిల్ మూసి కొలిస్తే రీడింగ్ తక్కువొచ్చి మంచి ఇంజిన్ని వదులుకుంటారు. నాకు 168, 172, 170, 165 పీఎస్ఐ వచ్చాయి. చల్లగా ఉన్న ఇంజిన్‌కి ఇది బాగున్నట్టే. అసలు చూడాల్సింది నాలుగింటి మధ్య తేడా. ఒక్కటి మాత్రం ముప్పై, నలభై తక్కువుంటే ఆ ఇంజిన్‌కి దణ్ణం పెట్టి వచ్చేయాలి. ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్ల జిడ్డు, కూలెంట్‌లో తుప్పు రంగు, ప్లగ్ రంధ్రాల్లో ఆయిల్ కూడా చూడండి. చివరిది మాత్రం భయపడాల్సింది కాదు, వాల్వ్ కవర్ గాస్కెట్ పాతబడిందని అర్థం.

దించడం సంగతి. ఈ కారులో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, మొదట దాని నెగటివ్ తీయాలి. బానెట్‌కి కీళ్ల చుట్టూ మార్కర్‌తో గీత గీసి ఇద్దరు పట్టుకుని తీయండి. కారు నాలుగు జాక్ స్టాండ్ల మీద ఉండాలి, ముందు మాత్రమే లేపితే గేర్‌బాక్స్ కింద పని చేయడం నరకం. కూలెంట్, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ మూడూ దింపాలి. గేర్ ఆయిల్ ఎందుకులే అని నేను వదిలేశాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే ఇరుసు) తీశాక ఇంజిన్ ముందు పైకి లేచి, గేర్‌బాక్స్ తోక కిందికి వాలగానే ఆ తోక నుంచి రెండు లీటర్లలో సగం గ్యారేజ్ నేల మీద పరుచుకుంది. ఆ గంధకపు వాసన ఇంట్లోకి వచ్చి వారం ఉంది.

ఏసీ కంప్రెసర్‌ని, పవర్ స్టీరింగ్ పంపుని గొట్టాలతో సహా విప్పి పక్కకి తాడుతో కట్టేయండి. ఏసీ గ్యాస్ గాలిలోకి వదలడం ఇక్కడ చట్టవిరుద్ధం, పైగా మళ్లీ నింపించే ఖర్చు దండగ. పెడల్ ఒత్తిడిని క్లచ్‌కి చేర్చే స్లేవ్ సిలిండర్‌ కూడా అంతే, రెండు బోల్టులు తీసి గొట్టంతోనే వేలాడదీయాలి. తర్వాత ఎవరూ పెడల్ తొక్కకుండా పెడల్ కింద కర్ర ముక్క పెట్టాను, తొక్కితే స్లేవ్ లోపలి పిస్టన్ బయటికి దూకేస్తుంది.

మియాటాలో ప్రత్యేకమైన చిక్కు పవర్ ప్లాంట్ ఫ్రేమ్. గేర్‌బాక్స్ తోకనీ, వెనక చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్‌నీ కలిపే పొడవాటి అల్యూమినియం దూలం అది. గేర్‌బాక్స్‌కి వేరే మౌంటు లేదు, దాని బరువు మోసేది ఇదే. విప్పేముందు రెండు పక్కల ఛాసిస్ పట్టాలకి అడ్డంగా సూటి కర్ర పెట్టి, అక్కడి నుంచి ఫ్రేమ్ అడుగుకి దూరం కొలిచి టేపు మీద రాసి అతికించండి. తిరిగి బిగించేటప్పుడు తోక కింద జాకీతో అదే ఎత్తుకి తేవాలి. కొలవకుండా బిగిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి ఒక వేగం దగ్గర సన్నటి వణుకు మొదలవుతుంది. అది ఎక్కడి నుంచో తెలియక టైర్లు బ్యాలెన్స్ చేయించుకుంటూ తిరుగుతారు. జాకీ పెట్టకుండా గేర్‌బాక్స్ వైపు బోల్టులు విప్పితే తోక ఒక్కసారిగా కూలబడి పైన ఇంజిన్ వెనక భాగాన్ని ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడకి) కొడుతుంది.

ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే పైకి తీశాను. విడిగా తీయాలంటే బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కి ఆనే గేర్‌బాక్స్ ముందు డొప్ప) పై బోల్టులకి చెయ్యి అందదు. రెండూ కలిస్తే సుమారు 180 కిలోలు, రెండు టన్నుల హాయిస్టుకి ఇది లెక్క కాదు. కానీ లెవెలర్ లేకుండా ప్రయత్నించకండి. మర తిప్పితే ముందు వెనకల వాలు మారే ఆ పరికరం ఉంటేనే గేర్‌బాక్స్ తోక కారు మధ్యలోని సొరంగంలోంచి బయటికి వస్తుంది. ఎగ్జాస్ట్ డౌన్‌పైప్ నట్లకి మాత్రం ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచాలి. ప్రతి కనెక్టర్‌కీ మాస్కింగ్ టేపు మీద పేరు, ప్రతి బోల్టుల గుంపుకీ జిప్ సంచి.

ఇక అసలు పని. కొన్న ఇంజిన్ ఎంత బాగున్నా రబ్బరు ముప్పై ఏళ్లది. బయట ఉన్నప్పుడు పది నిమిషాల పని, లోపల ఉన్నప్పుడు పూర్తి రోజు అవుతుంది. నేను మార్చినవి: టైమింగ్ బెల్టు (క్రాంక్‌తో పాటు క్యామ్‌లని తిప్పేది), దాని రెండు పుల్లీలు, వాటర్ పంపు, వాల్వులను తెరిచే ఇరుసులైన రెండు క్యామ్‌ల సీళ్లు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు), క్రాంక్ ముందు సీలు, వెనక సీలు, వాల్వ్ కవర్ గాస్కెట్, క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్ (రబ్బరు రింగు), హెడ్ వెనక హీటర్ గొట్టాలు. ఆ ఓ-రింగ్ రెండు డాలర్ల వస్తువు. ఫైర్‌వాల్‌కి ఆనుకుని ఉంటుంది కాబట్టి ఎవరూ మార్చరు. గట్టిపడ్డాక అక్కడి నుంచి కారే ఆయిల్ బెల్ హౌసింగ్ మీదుగా జారుతుంది, చూసినవాళ్లు వెనక క్రాంక్ సీలు పోయిందనుకుని గేర్‌బాక్స్ దించుతారు. నా పాత ఇంజిన్ ఆయిల్ తగ్గిపోయింది కూడా ఎక్కువగా ఈ దారినే.

ఒక విషయం ఎవరూ చెప్పరు. ఇంజిన్ స్టాండు బిగిసేది బెల్ హౌసింగ్ ముఖానికే. అంటే స్టాండు మీద ఉన్నంతసేపూ వెనక సీలుకీ ఫ్లైవీలుకీ (క్రాంక్ వెనక బిగించే బరువైన చక్రానికీ) దారి ఉండదు. అందుకని బెల్టు, వాటర్ పంపు, ముందు సీళ్లు స్టాండు మీద పూర్తి చేసి, మళ్లీ హాయిస్టుకి తగిలించి, టైరు మీద ఆనించి, వెనక పని చేసుకోవాలి.

టైమింగ్ బెల్టు: ఇన్‌టేక్ క్యామ్ గేరు మీద ‘ఐ’, ఎగ్జాస్ట్ గేరు మీద ‘ఈ’ పన్నెండు గంటల దిక్కుకి రావాలి, క్రాంక్ గుర్తు కూడా. ఆ రెండు అక్షరాల మధ్య బెల్టు పళ్లు సరిగ్గా 19. ఇరవై వచ్చినా పద్దెనిమిది వచ్చినా ఇంజిన్ స్టార్టవుతుంది, కానీ పీకదు. టెన్షనర్ స్ప్రింగుకి వదిలేసి, క్రాంక్‌ని గడియారం దిశలో మెల్లగా తిప్పుతూ ఒకటీ అయిదు బై ఆరు చుట్టు తర్వాత దాని బోల్టు బిగించాలి. తర్వాత రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. రెండు క్యామ్ గేర్ల మధ్య బెల్టుని గట్టిగా నొక్కితే సుమారు సెంటీమీటరు దిగాలి. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, అది అదృష్టం. అయినా 60,000 మైళ్లకి మార్చాల్సిందే.

ఫ్లైవీలు బోల్టులు ఆరు, 71 నుంచి 76 ఫుట్-పౌండ్లు. వాటి రంధ్రాలు క్రాంక్‌కేస్ లోపలికి తెరుచుకుని ఉంటాయి, మరలకి సీలెంట్ పూయకపోతే ఆయిల్ బోల్టు వెంబడే వచ్చి క్లచ్ ప్లేటుని తడిపేస్తుంది. వెనక సీలు కొత్తదే కదా, మళ్లీ ఎందుకు కారుతోంది అని తల పట్టుకునేవాళ్లలో చాలామంది కథ ఇదే. 1.8కి క్లచ్ ప్లేటు 215 మిల్లీమీటర్లు, 1.6ది 200, ఆర్డర్ చేసేటప్పుడు చూసుకోండి. పైలట్ బేరింగు, రిలీజ్ బేరింగు కూడా ఇప్పుడే మార్చాలి. గేర్‌బాక్స్ కలిపేముందు ఇంజిన్ ముఖం మీద రెండు బోలు డోవెల్ పిన్నులు ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడండి. యార్డులో విప్పినప్పుడు అవి తరచు ఆ గేర్‌బాక్స్‌లోనే ఉండిపోతాయి. నాకు ఒకటి లేదు, పాత ఇంజిన్ నుంచి లాగి పెట్టాను. లేకపోతే గేర్‌బాక్స్ వెంట్రుకవాసి పక్కకి కూర్చుని ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగుని తినేస్తుంది. బెల్ హౌసింగ్ చివరి సెంటీమీటరు కలవకపోతే బోల్టులతో లాగకండి. క్లచ్ ప్లేటు మధ్యకి రాలేదని అర్థం.

పాత ఇంజిన్ మీంచి తెచ్చుకోవాల్సిన వాటిలో అందరూ మర్చిపోయేది ఆయిల్ ప్రెషర్ సెండర్ (ఆయిల్ ఒత్తిడిని డ్యాష్ మీటరుకి చేరవేసేది). 1994 వరకు డ్యాష్‌లో ఉన్నది నిజమైన మీటరు. 1995లో దాని స్థానంలో స్విచ్చు పెట్టారు, ఒత్తిడి ఉంటే ముల్లు మధ్యలో నిలబడుతుంది, అంతే. 1995 ఇంజిన్ని దాని స్విచ్చుతోనే 1994 కారులో పెడితే ముల్లు అబద్ధం చెబుతుంది. వాడిన ఇంజిన్‌కి ఆ మీటరు మాట నిజం కావాలి మరి.

కూర్చోబెట్టడం దించడానికి తిరగేసిన వరుస. గేర్‌బాక్స్ తోక ముందు కిందికి, తర్వాత లెవెలర్ మెల్లగా సమంగా. మౌంటు నట్లు రెండు వైపులా వేలితో ఎక్కాకే ఏదైనా బిగించాలి. ఆయిల్ 3.8 లీటర్లు, గేర్‌బాక్స్‌కి 75డబ్ల్యూ-90 జీఎల్-4 రెండు లీటర్లు, కూలెంట్ సగం నీళ్లతో ఆరు లీటర్లు.

మొదటిసారి వెంటనే స్టార్ట్ చేయకూడదు. కాయిల్ కనెక్టర్‌తో పాటు ఇంజెక్టర్ల కనెక్టర్లు కూడా తీసి, ప్లగ్గులు లేకుండా, పది సెకన్లు తిప్పి కాసేపు ఆగి, మళ్లీ తిప్పి, ఆయిల్ ముల్లు లేచేదాకా చేయాలి. తర్వాత డయాగ్నోసిస్ పెట్టెలో (పరీక్షలకి వాడే కనెక్టర్ల పెట్టెలో) ‘ఎఫ్/పీ’నీ ‘జీఎన్‌డీ’నీ వైరు ముక్కతో కలిపితే తాళం తిప్పగానే పెట్రోల్ పంపు నడుస్తుంది. అప్పుడు ఇంజెక్టర్ రైలు చుట్టూ టార్చి వేసి చూడండి. నాకు ఒక ఇంజెక్టర్ ఓ-రింగ్ దగ్గర తడి కనిపించింది. ఇంజిన్ వేడెక్కాక కనిపించి ఉంటే మంటలార్పే సిలిండర్ పని పడేది.

స్టార్టయ్యాక రెండు భయాలు. మొదటిది పైనుంచి టిక్ టిక్. ఈ తరం 1.8లో హైడ్రాలిక్ ట్యాపెట్లు (ఆయిల్‌తో వాల్వుల సందు సరిచేసుకునే ముక్కలు) ఉంటాయి, నెలల తరబడి యార్డులో పడి ఉంటే వాటిలో ఆయిల్ దిగిపోతుంది. సగం ఆర్‌పీఎం వేగంతో, తేలిగ్గా, పైనుంచి వస్తే అదే. ఇరవై నిమిషాల్లో తగ్గింది. కింద నుంచి, బరువుగా, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వస్తే మాత్రం వెంటనే ఆపేయండి. రెండోది ఐడ్లింగ్ ఎగుడుదిగుడు, స్టార్టర్ నీరసంగా తిరగడం, హెడ్‌లైట్లు మినుకుమినుకు. గంటసేపు సెన్సర్లు వెతికాక తెలిసింది, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ బిగించలేదు. ఇలాంటి లక్షణాలు రెండు, మూడు కలిసి వస్తే ముందు ఎర్త్ చూడటం మేలు.

ప్లగ్గులు ఎప్పుడు వెలగాలో చెప్పే ఇగ్నిషన్ టైమింగ్ సెట్ చేయడానికి డయాగ్నోసిస్ పెట్టెలో ‘టెన్’, ‘జీఎన్‌డీ’ కలిపి, లైటు పట్టి, క్యామ్ యాంగిల్ సెన్సర్‌ని తిప్పుతూ 10 డిగ్రీలకి తేవాలి. ఐడిల్ 850 దగ్గర. కూలెంట్‌లో గాలి పోవడానికి ముందు చక్రాలు ర్యాంపు మీద ఎక్కించి, హీటరు ఫుల్లు పెట్టి, రేడియేటర్ మూత తీసి బుడగలు ఆగేదాకా నడిపాను.

కాగితాల పని టెక్సస్‌లో దాదాపు లేదు, 24 ఏళ్లు దాటిన కారుకి పొగ పరీక్షే లేదు. కాలిఫోర్నియాలో అయితే ఇంజిన్ కారు కన్నా పాతది కాకూడదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేసేవాళ్లు గుర్తుంచుకోండి, అక్కడ ఆర్సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది. ఆర్టీఓ దగ్గర మార్పించకుండా తిప్పితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

మొదటి ఆయిల్ 100 మైళ్లకే మార్చాను, రెండోది 500కి. ఫిల్టర్‌ని రెండుసార్లూ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, అయస్కాంతం ఆనించాను. మొదటిదాంట్లో కాస్త నల్లటి సన్నపొడి, సిలికాన్ గాస్కెట్ తునకలు రెండు. రెండోదాంట్లో ఏమీ లేదు.