140 కిలోల గంట, తొమ్మిది శనివారాల పని

చెన్నైలో పెరంబూరు వైపు ఒక పాత తెలుగు క్రైస్తవ సంఘం చర్చి గంట గోపురంలో జూలై నుంచి సాగిన పనికి ఇది చిట్టా. రైల్వే వర్క్‌షాపులోనూ బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల్లోనూ పనికని నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల సంఘం. పనిచేసింది సంఘంలో ఫిట్టింగు, వడ్రంగం తెలిసిన నలుగురైదుగురు, అదీ శనివారాలే. ఇలాంటి గంటే ఉన్న ఇంకో సంఘానికి పనికొస్తుందని కొలతలు, చేసిన తప్పులు రెండూ రాసిపెట్టాం.

ఫిర్యాదు రెండు ముక్కల్లో: గొంతు జీరబోయింది, తాడు లాగినా ఒక్కోసారి మోగదు. "గంట రికార్డింగు మైకులో పెడితే పోలా అయ్యగారూ" అని పాస్టరుతో అన్నవాళ్లూ ఉన్నారు. కరెంటు పోతే మైకు మూగ. పైగా హారన్ ఎటు తిరిగి ఉంటే అటే అరుస్తుంది, గంట నాలుగు దిక్కులా వినబడుతుంది. ఆ మాట అక్కడితో ఆగింది.

మొదటి శనివారం: కొలతలు

పైకెక్కే ముందు పావురాల రెట్ట. ఎండుది ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు చల్లి తడిపి, ఎన్-95 మాస్కు పెట్టుకుని, పారతో ఎత్తాలి. మూడు గోనె సంచులు వచ్చింది. పైన మనిషి ఉన్నంతసేపూ గంట నాలుకను, అంటే లోపల వేలాడుతూ గంటను కొట్టే కాడను, తాడుతో కట్టేయాలి, కింద తాడు దగ్గర ఒకరు కాపలా ఉండాలి. చెవులకు మఫ్‌లు తప్పనిసరి.

అంచు దగ్గర వ్యాసం 61 సెంటీమీటర్లు. అయస్కాంతం అంటలేదు కాబట్టి ఉక్కు గంట కాదు, కంచే. అమెరికా మిషన్లు పంపినవాటిలో పోత ఉక్కు గంటలు కూడా ఉంటాయి, పైన రంగు వేసి ఉంటే చూపుతో తేడా తెలియదు. అందుకే జేబులో ఒక అయస్కాంతం ఉంచుకోవడం మంచిది. గంట కంచులో రాగి సుమారు 78 పాళ్లు, తగరం 22 పాళ్లు. అంత పెళుసు ఎందుకయిందో ఆ 22 చెబుతుంది.

ఈ సైజు కంచు గంట బరువు 140 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఒకే పోలికతో పోసిన గంటల్లో బరువు వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది: వ్యాసం సగమైతే బరువు ఎనిమిదో వంతు, శ్రుతి ఒక స్థాయి పైకి. ఇదే నగరంలో ఆర్మీనియన్ వీధిలోని 1772 నాటి ఆర్మీనియన్ చర్చిలో ఆరు గంటలున్నాయి. అవీ 21 నుంచి 26 అంగుళాలవే, ఒక్కోటి 150 కిలోల దరిదాపు. మన గంట ఆ కోవలోది.

దెబ్బ తగిలే మందపాటి వలయం 47 మిల్లీమీటర్లు. వ్యాసంలో 13వ వంతు అన్న పాత లెక్కకు సరిగ్గా సరిపోయింది. నాలుక తగిలే రెండు చోట్లా 4 మిల్లీమీటర్ల లోతున చదునుగా అరిగింది. మందంలో పదో వంతుకు దగ్గర పడింది, అంటే గంటను తిప్పే వేళయింది.

గోపురం నేలలోని తలుపు 56 సెంటీమీటర్లు, గంట 61. కట్టేటప్పుడు బయట నుంచి కిటికీ కమాను గుండా ఎక్కించి ఉంటారు. కిందికి దించే ఆలోచన ఆ రోజే మానేశాం. పని మొత్తం పైనే.

రెండో శనివారం: వినడం, వెతకడం

కర్ర సుత్తితో మెల్లగా కొట్టి, ఫోనులో శబ్దాన్ని స్వరాలుగా విడదీసి చూపే స్పెక్ట్రమ్ యాప్‌తో చూస్తే గంట ఒక్క స్వరం కాదని తెలుస్తుంది. ఒక్కో స్వరానికీ గంటలు పోసేవాళ్లు పెట్టిన పేరుంది. అడుగున హమ్ 412 హెర్ట్జ్, ఆ పైన ప్రైమ్ 748, టియర్స్ 934, వీటి పైన నామినల్ 1562. చెవికి మాత్రం నామినల్‌లో సగం, అంటే 781 దగ్గర దెబ్బ వినిపిస్తుంది. ఆ స్వరం గంటలో ఎక్కడా మోగక్కర్లేదు, పై స్వరాల్ని బట్టి చెవే కల్పించుకుంటుంది. 1890ల తర్వాత శ్రుతి చేసిన ఇంగ్లీషు గంటల్లో హమ్ సరిగ్గా నామినల్‌లో నాలుగో వంతుకు, అంటే ఇక్కడైతే 390కి, దిగి ఉంటుంది. ఇది 412 కాబట్టి పాత పద్ధతి గంటే. టియర్స్ చెవికి వినబడే దెబ్బకు సాధారణ గాంధారం అవుతుంది. చర్చి గంట పెళ్లికి మోగినా కాస్త దిగులుగా ఉండడానికి కారణం ఇదే.

జీర ఎక్కడిదో తేల్చాలంటే బీట కోసం వెతకాలి. కంటికి ఆనని బీటలోకి రంగు ఇంకించి చూపే డై పెనిట్రెంట్ డబ్బాలు మూడు: క్లీనరు, ఎరుపు, తెలుపు. తుడిచి, ఎరుపు చల్లి 15 నిమిషాలు ఆగి, గుడ్డతో తుడిచేసి, తెలుపు చల్లాలి. క్లీనర్ని నేరుగా గంట మీద కొడితే బీటలోని ఎరుపు కూడా కడుక్కుపోతుంది. మొదటిసారి ఆ తప్పే జరిగి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

అంచు శుభ్రంగా ఉంది. నెత్తి లోపల, నాలుక వేలాడే ఇనుప కొక్కెం కాలి పక్కన 6 మిల్లీమీటర్ల ఎర్ర గీత తేలింది. పాత గంటల్లో ఈ కొక్కేన్ని అచ్చులోనే పెట్టి కంచు పోసేవారు. కంచులో ఇరుక్కున్న ఇనుముకు సముద్రపు గాలి తగిలితే తుప్పు, తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి, దాంతో లోపల్నుంచి నెత్తిని చీలుస్తుంది. చెన్నైలో ఇనుప కొక్కెం పోతలో ఉన్న ప్రతి గంటనూ అనుమానించాలి.

దీన్ని వీధి చివర వెల్డింగు షాపులో అతికిద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఒకచోటే వేడెక్కితే గంట కంచు అక్కడే ఇంకో బీటేస్తుంది. మొత్తం గంటను సమంగా కాల్చి, మెల్లగా చల్లార్చే కొలిమి ఉన్నవాళ్ల పని అది.

మూడు నుంచి ఐదు: కొక్కెం తీయడం

ఎక్కువ కాలం పట్టింది ఇదే. పై దూలానికి 1 టన్ను చెయిన్ పుల్లీ, గంట నెత్తి కింద రెండు బెల్టు స్లింగులు. 140 కిలోలకు 1 టన్ను దేనికంటే, పాత దూలం పక్కకు జారితే పడే కుదుపు లెక్కలోకి తీసుకోవాలి. గంటను నాలుగంగుళాలు లేపి, కింద రెండు టేకు దిమ్మెలు పెట్టి కూర్చోబెట్టాం.

కోర్ కట్టరుకు (వలయంగా కోసి నడుమ ముద్దను తీసే పనిముట్టు) అద్దెకు తెచ్చిన మాగ్నెటిక్ డ్రిల్లు అయస్కాంతంతో నిలిచేది, కంచుకు అంటదు. ఈ సంగతి పైకి మోసుకెళ్లాక గుర్తొచ్చింది! 12 మిల్లీమీటర్ల ఇనుప పలకను గంట నెత్తికి బోల్టులతో బిగించి, దాని మీద డ్రిల్లు నిలిపాం. ఒక శనివారం ఆ పలకకే పోయింది.

కొక్కేన్ని ముందు నెత్తి మట్టానికి కోసేయాలి. తర్వాత రెండు కాళ్లనూ 38 మిల్లీమీటర్ల కట్టరుతో, తక్కువ వేగంలో, నూనె పోస్తూ తొలిచాం. కాళ్ల మధ్య దూరం 90 మిల్లీమీటర్లు కాబట్టి నడుమ, నాలుకను వేలాడదీయడానికి, 28 మిల్లీమీటర్ల కొత్త రంధ్రానికి చోటు మిగిలింది. కట్టరులోంచి వచ్చిన ముద్ద నల్లగా, బిస్కెట్టులా పొరలు పొరలుగా విడిపోయింది. అది కాలి ఇనుము. ఎర్ర గీత ఆ ముద్దతోనే పోయింది. మళ్లీ డై కొట్టి చూసుకుని, రెండు రంధ్రాలూ ఎపాక్సీతో నింపాం.

ఆరో శనివారం: తిప్పడం, వేలాడదీయడం

గంట నెత్తి బల్లపరుపుగా ఉండి నాలుగు బోల్టులతో తనతో పాటు ఊగే దూలానికి పట్టి ఉండటం అదృష్టం. 90 డిగ్రీలు తిప్పి అవే రంధ్రాల్లో బిగించవచ్చు, అరగని కంచు నాలుక ముందుకు వస్తుంది. నెత్తి మీద చెవులతో పోసిన గంటలకు ఇంత సులువు కాదు.

బోల్టులు 316 స్టెయిన్‌లెస్. 304 రకాన్ని ఈ గాలి చుక్కలు చుక్కలుగా తింటుంది. బోల్టు మరలకు యాంటీ సీజ్ పూత పూయకపోతే నట్టు సగంలో పట్టేసి ఇక కదలదు. గంటకూ దూలానికీ మధ్య 6 మిల్లీమీటర్ల నియోప్రిన్ రబ్బరు పెట్టాం. వీటిని మోసే పాత దూలం చివరలు గోడలో కుళ్లి ఉంటే కొత్త టేకు, 150 × 150. గోడ సందును సున్నంతోనే పూడ్చాలి. సున్నం గోడలో సిమెంటు పెడితే తడి లోపలే నిలిచి మళ్లీ టేకునే తింటుంది. ఇరుసులు 35 మిల్లీమీటర్లు, బేరింగులు యూసీపీ 207. సొంతంగా సర్దుకునే రకం కాబట్టి రెండు వైపులా మట్టం కాస్త తేడా వచ్చినా తిరుగుతుంది.

గంటకు చింతపండు, బ్రాసో వద్దు. పచ్చబారిన పొరే దానికి కాపుదల. నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. అక్షరాల మీద సున్నం పేరుకుంటే వెదురు పుల్లతో గీకాలి. ఇనుము మీద జింకు ప్రైమరు, రెండు పూతల రంగు, ఈశాన్య వానలు పట్టేలోపు.

ఏడో శనివారం: నాలుక

మోగకపోవడానికి అసలు కారణం నాలుక. నాలుకా గంటా ఒకే లయలో ఊగితే ఒకదానికొకటి తగలవు. కొలోన్ కెథీడ్రల్ కోసం 19వ శతాబ్దంలో పోసిన మహా గంటకు ఇదే జబ్బు, జనం దానికి మూగది అని పేరు పెట్టారు. మన గంటకు ఎప్పుడో ఎవరో పొట్టి నాలుక వేశారు. పైగా దాని గుండు వలయానికి పైన, నడుము మీద తగులుతోంది. నడుము పలచన, అక్కడ కొడితే గొంతు సన్నబడుతుంది, బీటకూ అదే దారి.

కొత్తది: కాడ 25, గుండు 85 మిల్లీమీటర్లు, కింద చిన్న తోక. మొత్తం 4.7 కిలోలు. లేత్ అతను "ఈఎన్-24 వేసి గట్టిపరిచి ఇస్తా సార్, జన్మలో అరగదు" అన్నాడు. ఈఎన్-24 గట్టి మిశ్రమ ఉక్కు. అది అరగకపోతే గంట అరుగుతుంది. నాలుక ఎప్పుడూ గంట కన్నా మెత్తగా ఉండాలి, మైల్డ్ స్టీలే సరి. పొడవు తేల్చడానికి గుండుకు నీలం చాక్ రుద్ది గంటకు ఆనించి చూడాలి. మొదటిసారి మచ్చ వలయానికి 9 మిల్లీమీటర్లు పైన పడింది. ఇరుసు పిన్నును దించి రెండోసారి సరిచేశాం. బుష్ నైలాన్‌ది, పక్క ఊపు 1 మిల్లీమీటరు దాటకూడదు.

ఫోనులో మళ్లీ చూస్తే అవే అంకెలు, గంటను తిప్పినంత మాత్రాన శ్రుతి మారదు. జీర మాత్రం లేదు.

ఎనిమిదో శనివారం: చావు గంటకు వేరే సుత్తి

ఇక్కడ గంట భాషను పాడుచేయకుండా పని చేయాలి. ఆదివారం ఆరాధనకు గంట మూడుసార్లు మోగుతుంది. అరవై నిమిషాల ముందు మొదటిది: స్నానాలకు లేవండి. అరగంట ముందు రెండోది: బయల్దేరండి. మూడోది మోగిందంటే అయ్యగారు అంగీ వేసుకున్నారు. ఊళ్లలో కంచు గంట కొనే స్తోమత లేని సంఘాలు రైలు పట్టా ముక్క వేలాడదీసి ఇనప కమ్మీతో కొట్టినా ఈ మూడూ ఇంతే. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆగకుండా మోగుతుంది. శుభ శుక్రవారం మోగదు. ఎవరైనా పోతే ఊపకుండా, పది సెకన్లకొక దెబ్బ, వయసు ఎంతో అన్ని. 76 దగ్గర ఆగితే ఏ ఇంట్లోనో వీధికి తెలిసిపోతుంది, ఎవరూ ఫోను చేయక్కర్లేదు. లెక్క తప్పితే మాత్రం తప్పుడు ఇంటికి జనం వెళ్తారు. అందుకే కొట్టే మనిషి పక్కన కంకర రాళ్లు పెట్టుకుని దెబ్బకొకటి పక్కకు తోస్తాడు.

ఈ ఒంటి దెబ్బల కోసమే పాతవాళ్లు నాలుకకు తాడు కట్టి లాగేవారు. గంటల్ని పగలగొట్టే పనుల్లో ఇది ముందు వరసలోది: తాడు బిగువుకు నాలుక దెబ్బ కొట్టి వెనక్కి రాకుండా గంటకు ఒక్క క్షణం ఒత్తుకుని ఉండిపోతుంది. దాని బదులు బయట నుంచి 3 కిలోల సుత్తి. విశ్రాంతిగా ఉన్నప్పుడు స్ప్రింగు దాన్ని గంటకు 8 మిల్లీమీటర్ల దూరాన నిలుపుతుంది. తాడు లాగి వదిలితే బరువుతో పడి, తగిలి, వెంటనే వెనక్కి వస్తుంది. 5 మిల్లీమీటర్లకు తగ్గితే రెండోసారి గీరుకుంటుంది.

గంట ఊగుతుండగా సుత్తి అడ్డం ఉంటే గంట పగులుతుంది. కాబట్టి ఊపుడు తాడును చిన్న పెట్టెలో తాళం వేసి, ఆ తాళంచెవిని సుత్తిని వెనక్కి లాగి పెట్టే కొక్కేనికే గొలుసుతో కట్టాం. సుత్తి వెనక్కి పోతేనే గొలుసు పెట్టె దాకా అందుతుంది.

తొమ్మిదో శనివారం: తాడు

కాసిమేడులో వల తాళ్లు అమ్మే కొట్లో 14 మిల్లీమీటర్ల పాలియెస్టరు. నైలాన్ సాగుతుంది, లాగిన మనిషికి గంట ఎక్కడుందో చేతికి తెలియదు. చేయి పట్టే 2 మీటర్లకు నూలు తాడు అతికించాం, లేకపోతే అరచేయి కాలుతుంది. గోపురం నేల రంధ్రాల్లో పీవీసీ గొట్టం ముక్కలు, అంచులు గుండ్రంగా రుద్ది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్ద నిబంధనలున్నాయి కాబట్టి డిసెంబరు 31కి, ఈస్టరు తెల్లవారుజామున మోగించడానికి పోలీసు స్టేషనులో ముందే కాగితం ఇవ్వాలని తాడు పక్కనే గోడ మీద రాశాం.

రెండు వారాలకు నట్లు మళ్లీ బిగించాలి, కొత్త టేకు నలిగి పావు చుట్టు వదులిస్తుంది. బేరింగులకు ఆరు నెలలకోసారి గ్రీజు. చాక్ మచ్చ ఏడాదికోసారి. తాడు చివరి ముడిని ఎత్తున ఉంచాం. బడి పిల్లలు ఎగిరినా అందదనుకున్నాం గానీ, మొదటి ఆదివారమే ఒకడు స్టూలు తెచ్చుకున్నాడు. తాళం పెట్టెను ఇప్పుడు ఇంకా పైకి ఎత్తుతున్నాం.