ఏడు కిలోల లెక్క: క్యాబిన్ బ్యాగు కొనడంలో నా అనుభవం

రాజమండ్రిలో ఉంటున్న అమ్మానాన్నలను చూడడానికి నేను హైదరాబాదు నుంచి ఇంచుమించు నెలకోసారి వెళ్తుంటాను. శుక్రవారం రాత్రి రైలులో బెర్తు దొరకడం గగనమైపోవడంతో, ముందుగా చూసుకుంటే చౌకగా దొరికే విమాన టికెట్లకు అలవాటు పడ్డాను. రెండు రోజుల ప్రయాణానికి చెకిన్ సామాను అక్కర్లేదు కాబట్టి చేతి సామానుతోనే వెళ్లి రావచ్చుననుకున్నాను. అటకమీద పాత ట్రాలీ బ్యాగు ఉండనే ఉంది. దానిమీద "క్యాబిన్ సైజు" అన్న చీటీ కూడా ఉండడంతో మరో ఆలోచన చేయలేదు.

మొదటి ప్రయాణంలోనే శంషాబాదులో, విమానం ఎక్కే గేటు దగ్గర, సిబ్బందిలో ఒకమ్మాయి "సార్, బ్యాగు ఒకసారి కాటా మీద పెట్టండి" అంది. 9.4 కిలోలు చూపించింది. నా టికెట్టుకు అనుమతి ఏడు కిలోలు. వెనక వరుసలో ఉన్నవాళ్లు చూస్తుండగా బ్యాగు నేలమీద పరిచి, స్వెట్టరు తొడుక్కుని, రెండు పుస్తకాలు లాప్‌టాప్ సంచిలో కుక్కినా ఇంకా కిలోకు పైగా మిగిలింది. దానికి కట్టిన రుసుము టికెట్టు ధరలో సగం దాటింది. నిబంధన వాళ్లు ముందే చెప్పారు కనుక తప్పు నాదే, కానీ అంత బరువు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం అప్పుడు అర్థం కాలేదు.

ఇంటికి వచ్చాక ఖాళీ ట్రాలీని తూచాను. 3.2 కిలోలు! అంటే ఏడింటిలో దాదాపు సగం గట్టి ప్లాస్టిక్ డొప్పకు, నాలుగు చక్రాలకు, లాగే పిడికి పోగా, నా బట్టలకు మిగిలింది నాలుగు కిలోలకంటే తక్కువే. మన దేశీయ విమానాల్లో మామూలుగా చెప్పే కొలత 55×35×25 సెంటీమీటర్లు. లెక్కవేస్తే అది 48 లీటర్ల చోటు. ఆ చోటంతా బట్టలతో నింపితే ఏడు కిలోలు దాటక మానదు. కాబట్టి ఇక్కడ మనల్ని ఆపేది చాలాసార్లు పరిమాణం కాదు, బరువు. బ్యాగు కొనేటప్పుడు మనం చూసేదేమో రంగు, లోపలి అరలు, తాళం. ఖాళీ బరువు ఎంతని అడిగినవాణ్ని నేను నాతో సహా ఎవరినీ చూడలేదు.

ఈసారి కొలిచే టేపు, వేలాడదీసి తూచే చిన్న డిజిటల్ కాటా వెంట తీసుకుని సికింద్రాబాదులో ఒక దుకాణానికి వెళ్లాను. ఇంట్లో మనుషులు ఎక్కి చూసుకునే కాటా మీద బ్యాగుతో ఒకసారి, బ్యాగు లేకుండా ఒకసారి నిలబడి తేడా తీసే పద్ధతిని ముందు ప్రయత్నించాను గానీ, చూసిన ప్రతిసారీ మూడు నాలుగు వందల గ్రాములు అటూ ఇటూ వచ్చింది. ఏడు కిలోల పరిమితి దగ్గర ఆ తేడా చిన్నదేమీ కాదు.

దుకాణదారు ఇరవై అంగుళాల ట్రాలీ తీసి, "ఇది క్యాబిన్ సైజే సార్, ఎక్కడా ఆపరు" అన్నాడు. నేల నుంచి పిడి పైభాగం దాకా టేపు పెడితే 58 సెంటీమీటర్లు వచ్చింది. చీటీమీద 55 అనే ఉంది, అయితే అది చక్రాలు వదిలేసి డొప్పకు మాత్రమే వేసిన కొలత. విమాన సంస్థలేమో చక్రాలూ పిడీ కలిపే లెక్కపెడతాయి. మరొకదానికి వెడల్పు పెంచుకునే అదనపు జిప్పు ఉంది. అది విప్పగానే 25 సెంటీమీటర్ల మందం 29కి పెరిగింది. నేను కాటాకు ఒక్కొక్క బ్యాగే తగిలిస్తుంటే అతను మొదట నవ్వాడు, తర్వాత ఆసక్తితో తానే అందించసాగాడు. మెత్తటి గుడ్డతో కుట్టిన రెండు చక్రాల ట్రాలీ 2.3 కిలోలు తూగింది. పెట్టెలాగా పూర్తిగా తెరుచుకునే, వీపున తగిలించుకునే 35 లీటర్ల బ్యాగు 1.1 కిలోలే ఉంది. చివరికి అదే తీసుకున్నాను.

"చక్రాలు లేకుండా ఎలా మోస్తారు?" అని మా ఆవిడ అభ్యంతరపెట్టింది. మోయవలసింది ఏడు కిలోలే కదా, మా అబ్బాయి బడి సంచి అంతకంటే తేలికేమీ కాదన్నాను. నిజానికి నా నిర్ణయానికి ఇంకో కారణముంది. హైదరాబాదు నుంచి రాజమండ్రికి చాలావరకు ఏటీఆర్ రకం చిన్న విమానాలు నడుస్తాయి. వాటిలో సీట్ల పైనుండే అరలు చిన్నవి. ట్రాలీలు పట్టవని మెట్ల దగ్గరే చీటీ కట్టి సామాను గదిలోకి పంపుతారు. ఒకసారి నా పాత ట్రాలీకి అలాగే చీటీ కట్టబోతుంటే లోపల పవర్ బ్యాంకు ఉందని గుర్తొచ్చింది. లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషులున్న చోటైతే ఆర్పగలరు కాబట్టి, పవర్ బ్యాంకును క్యాబిన్‌లోనే ఉంచుకోవాలి. ఆ ఎండలో, విమానం మెట్ల పక్కన మోకాళ్లమీద కూర్చుని, మడతలన్నీ చెదరగొట్టి దాన్ని వెతికి తీశాను. మెత్తటి సంచి అయితే ఆ చిన్న అరలోనే నొక్కితే సర్దుకుంటుంది, లేదంటే ముందు సీటు కిందికి పోతుంది. పవర్ బ్యాంకు ఇప్పుడు ఎప్పుడూ పై జేబులోనే ఉంటుంది.

అప్పటి నుంచి బయల్దేరే ముందు బ్యాగును కాటాకు తగిలించి 6.7 దగ్గర ఆపేస్తున్నాను. మన కాటాకూ వాళ్ల కాటాకూ తేడా వస్తుందని ఆ మూడు వందల గ్రాములు వదిలిపెడుతున్నాను.

ఈ సంచికి ఒక్క లోపం ఉంది. తిరుగు ప్రయాణంలో అమ్మ ఆత్రేయపురం పూతరేకులు పెట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి అట్టపెట్టె విప్పితే రేకులన్నీ పొడి పొడి. గట్టి డొప్ప ఉన్న పాత ట్రాలీలో అవి ఎప్పుడూ నలగలేదు. ఇప్పుడు పల్చటి స్టీలు డబ్బా ఒకటి వెంట తీసుకెళ్తున్నాను. దాని ఖాళీ బరువు 420 గ్రాములు, అందుకని ఒక జత బట్టలు రాజమండ్రిలోనే ఉంచేశాను.