షీటులోంచి వాపిటీ

వాక్యూమ్ ఫార్మ్ కిట్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ముందు ఒక్క మాట. స్వీట్ షాపులో కాజాల డబ్బా కొంటే లోపల గుంటలు గుంటలుగా పల్చటి ప్లాస్టిక్ ట్రే వస్తుంది కదా, ఇంట్లో కోసి అతికించుకునే ఈ బొమ్మ విమానాల కిట్లు తయారయ్యేదీ అదే పద్ధతిలో. ప్లాస్టిక్ షీటుని వేడిచేసి, మెత్తబడగానే అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేస్తారు. షీటు వెళ్ళి అచ్చుకి అతుక్కుంటుంది, చల్లారాక ఊడదీస్తారు. అంతే. బజార్లో దొరికే మామూలు మోడల్ కిట్లకి ఉక్కు అచ్చులు చెక్కించాలి, దానికి బోలెడు పెట్టుబడి కావాలి. దీనికి చెక్కతోనో రెజిన్‌తోనో చేసిన అచ్చు చాలు. అందుకే 1970ల్లో, 80ల్లో ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ ఒక్క మనిషో ఇద్దరో కలిసి, పెద్ద కంపెనీలు ముట్టుకోని విమానాలన్నీ ఈ పద్ధతిలో చేసి అమ్మేవాళ్ళు.

నా దగ్గరున్నది అలాంటి పాతదే, వెస్ట్‌లాండ్ వాపిటీ అనే, ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలుండే పాతకాలం విమానం, 72వ వంతు సైజు. పెట్టె తెరిచి చూస్తే ఎవరికైనా ఉత్సాహం నీరుగారిపోతుంది. రెండు తెల్ల షీట్లు, వాటి మీద ఉబ్బెత్తుగా రెక్కలు, సగం సగం బాడీ, తోక. అచ్చులో గాలి లాగిన రంధ్రాల దగ్గర చిన్న చిన్న మొటిమలు. జిరాక్స్ తీసిన ఒక కాగితం. చక్రాలు, స్ట్రట్లు (పైరెక్కకీ కిందిరెక్కకీ మధ్య నిలబడే కడ్డీలు), తుపాకులు మనమే చూసుకోవాలి.

మరి వాపిటీయే ఎందుకంటే, మన వైమానిక దళం మొదటి విమానం అదే కాబట్టి. భారత వైమానిక దళం కాగితం మీద పుట్టింది 1932 అక్టోబర్ 8న. ఎగరడానికంటూ స్క్వాడ్రన్ ఏర్పడింది 1933 ఏప్రిల్ 1న, కరాచీ దగ్గర డ్రిగ్ రోడ్‌లో, నాలుగు వాపిటీలతో. తర్వాత 1954లో వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి అయిన సుబ్రతో ముఖర్జీ ఆ మొదటి బ్యాచ్ పైలట్లలో ఒకరు. అప్పటికే వాపిటీ ఏమీ కొత్త విమానం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి డీహెచ్-9ఏ విమానాల విడిభాగాలు గోడౌన్లలో గుట్టలుగా మిగిలిపోతే, వాటిని వీలైనంత వాడుకునేలా కొత్త విమానం కావాలని బ్రిటిష్ వాళ్ళు అడిగారు, ఇంగ్లండ్‌లో యోవిల్ అనే ఊళ్ళోని వెస్ట్‌లాండ్ కంపెనీ ఆ రెక్కల డిజైన్‌ని పట్టుకుని దీన్ని చేసింది, 1927లో మొదటిసారి ఎగిరింది. పొదుపు కోసం పుట్టిన విమానం అన్నమాట. అలాంటిదాన్ని మన కుర్రాళ్ళు వజీరిస్తాన్ కొండల మీద ఏళ్ళ తరబడి నడిపారు. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో తీరం కాపలా కాసే దళాల చేతికి కూడా ఇవే వచ్చాయి. అలాంటి దళం ఒకటి విశాఖపట్నంలోనూ ఉండేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన సంగతి మన పెద్దవాళ్ళు చెబుతుంటారు కదా, ఆ కాలం మాట. దీని కథ ఇంత ఉన్నా ఏ పెద్ద కంపెనీ షెల్ఫులోనూ ఇది కనపడదు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన బ్రిటిష్ విమానం స్పిట్‌ఫైర్ కిట్లు మాత్రం ఎన్ని కావాలంటే అన్ని.

సరే, పని దగ్గరికి వద్దాం. కత్తి పట్టుకునే ముందు పర్మనెంట్ మార్కర్ పట్టుకోవాలి. ప్రతి భాగం చుట్టూ, అది షీటుని కలిసే మూలలో గీత గీయాలి, ఇంకు సగం భాగం గోడ మీద, సగం షీటు మీద పడేలా. తర్వాత కత్తిని కాస్త ఏటవాలుగా పట్టుకుని గీత వెంబడి రెండు మూడు సార్లు మెల్లగా గీరాలి. పూర్తిగా కోయక్కర్లేదు, గాటు పడితే చాలు, వంచితే టక్కుమని విరుగుతుంది. ఇప్పుడు చేతిలో ఉన్న ముక్కకి అంచు చుట్టూ షీటు మందమంత తెల్ల పట్టీ అదనంగా ఉంటుంది. ఆ మందం విమానంలో భాగం కాదు. దాన్ని అరగదీసి తీసేయాలి.

ఈ అరగదీయడం గురించే అందరూ భయపెడతారు. నిజానికి చేతకానంత పనేమీ కాదు, విసుగు పుట్టించే పని, అంతే. హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి "అన్నా, వాటర్ పేపర్ 240, 400, 600 తలా నాలుగు ఇవ్వు" అంటే "కారుకా సార్, బీరువాకా?" అని అడుగుతాడు. బొమ్మ విమానానికి అని చెబితే ఇంకో పది నిమిషాలు అక్కడే పోతాయి, బీరువాకే అనేయండి. ఆ పేపర్‌ని ఒక గాజు పలక మీద నాలుగు మూలలా టేపు వేసి అతికించి, నీళ్ళు చిలకరించి, ముక్కని బోర్లా పెట్టి సున్నాలు చుడుతున్నట్టు తిప్పాలి. పట్టుకోడానికి వీపు మీద మాస్కింగ్ టేపుతో చిన్న పిడి చేసుకోవాలి, లేకపోతే వేళ్ళు జారతాయి. వేళ్ళ బరువు ఎక్కడ పడితే అక్కడ ఎక్కువ అరుగుతుంది కాబట్టి మధ్యమధ్యలో ముక్కని అటూ ఇటూ మార్చి పట్టుకోవాలి. నీళ్ళు ఎందుకంటే పొడి గాల్లోకి లేవదు, పేపర్ పూడుకుపోదు.

అసలు కిటుకు ఎక్కడ ఆపాలన్నదే. అంచు అరిగి అరిగి చివరికి ఉల్లిపొరలా అవుతుంది, ఆ పొర ఒకచోట దానంతటదే చిరిగి వేలాడుతుంది, దాని వెనక మార్కర్ గీత నల్లగా తేలుతుంది. అక్కడ ఆపాలి. ఇంకో నాలుగు సార్లు తిప్పితే విమానం సన్నబడడం మొదలవుతుంది. బాడీ రెండు సగాలూ కలిపితే అడ్డకోత గుండ్రంగా రావాల్సింది కోలగా వస్తే సరిచేయడం కష్టం. అందుకే నేను చివర్లో సంగీతం కూడా ఆపేస్తాను, పేపర్ మీద ప్లాస్టిక్ చేసే చప్పుడు మారుతుంది, ఆ చప్పుడు చెవికి తెలిసిపోతుంది.

రెక్కలకి ఇంకో తలనొప్పి ఉంది. నిజం విమానం రెక్క వెనక అంచు కత్తి వాదరంత సన్నం. ఇక్కడేమో పైముక్క, కిందముక్క రెండూ కలిస్తే రెండు మందాలవుతాయి. కాబట్టి లోపలివైపు నుంచి వెనక అంచుని ఏటవాలుగా అరగదీస్తూ పోవాలి. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే అంచు దగ్గర వెలుతురు కనపడాలి, అప్పుడు సరిపోయినట్టు. రెండు ముక్కలూ అతికించే ముందు లోపల ఇత్తడి తీగ ఒకటి దూలంలా పెడితే మంచిది, వాపిటీ రెక్క నిజంలో 14 మీటర్లకి కాస్త ఎక్కువ, ఈ సైజులో దాదాపు 20 సెంటీమీటర్లు, అంత పొడవున బోలు ప్లాస్టిక్ నిలవదు, వంగుతుంది.

బాడీ లోపలి పని నాకు చాలా ఇష్టం. అతుకు వెంబడి మిగిలిన షీటు ముక్కలు చిన్న నాలుకల్లా అతికిస్తే రెండో సగం వచ్చి వాటి మీద కూర్చుంటుంది. మధ్యలో అడ్డగోడలు కూడా ఆ ముక్కలతోనే. ద్రవం లాంటి గ్లూని బ్రష్‌తో అతుకు దగ్గర తాకిస్తే చాలు, అదే పాకుతుంది. ఎక్కువ పోస్తే పల్చటి ప్లాస్టిక్ కరిగి గుంటపడుతుంది. వెనక గన్నర్ కూర్చునే గుంత చుట్టూ లూయిస్ తుపాకీ తిరిగే రింగు ఒకటుంటుంది, అది సన్నటి రాగి తీగని పెన్ను చుట్టూ చుట్టి చేసుకున్నాను. ముందున్న జూపిటర్ ఇంజన్‌కి తొమ్మిది సిలిండర్లూ బయటికే కనపడతాయి, కాబట్టి అక్కడ దొంగపని కుదరదు. ప్లాస్టిక్ కడ్డీ ముక్కల మీద సన్నటి దారం చుట్టి గ్లూ తడిపితే కూలింగ్ ఫిన్‌లు, అంటే వేడి పోవడానికి సిలిండర్ చుట్టూ ఉండే పల్చటి రేకులు, అచ్చం అలాగే వస్తాయి.

రెండు రెక్కల మధ్య స్ట్రట్లకి అగరుబత్తి పుల్లలు వాడాను. నవ్వకండి. వెదురు గట్టిది, వంగదు, వాటర్ పేపర్‌తో రెండు వైపులా నొక్కి లాగితే చక్కటి కోల ఆకారం వస్తుంది. వాటిని నిలబెట్టే ముందు రెక్కల్లో రంధ్రాలు పెట్టేసుకోవాలి, అట్టముక్కలతో ఒక చట్రం కట్టుకుని పైరెక్కని అందులో ఆపి అప్పుడు ఫెవిక్విక్ చుక్క వేయాలి. ఇక బిగింపు తీగలు. పాత కిట్‌లో మిగిలిన ప్లాస్టిక్ ఫ్రేమ్ ముక్కని కొవ్వొత్తి సెగ మీద మెత్తబరిచి లాగితే వెంట్రుకంత దారం వస్తుంది. అతికించాక అది వదులుగా ఉంటే వెలుగుతున్న అగరుబత్తిని దగ్గరికి తెస్తే చాలు, తాకించకుండా, దారం బిగుసుకుంటుంది. మరీ దగ్గరికి వస్తే తెగుతుంది, కాబట్టి ఫ్యాన్ ఆపేసి చేయాల్సిన పని, మే నెలలో పెట్టుకోవద్దు.

రంగు వెండి. 1930ల నాటి వాపిటీలకి గుడ్డ మీద అల్యూమినియం డోప్ (గుడ్డని బిగించే వార్నిష్ లాంటి పూత) పూసేవాళ్ళు. వెండి రంగు చాడీకోరు, కింద ఎక్కడ చిన్న గీత ఉన్నా ఊరందరికీ చెబుతుంది. అందుకే ప్రైమర్ వేసి, చూసి, పుట్టీ పెట్టి, మళ్ళీ ప్రైమర్. పాత కిట్‌లో డెకల్స్, అంటే నీళ్ళలో నానబెట్టి విమానం మీద అతికించే గుర్తుల బొమ్మలు, పసుపెక్కిపోయి ఉంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి కిటికీ అద్దానికి అతికించండి, ఎండకి కొన్నాళ్ళలో తెల్లబడతాయి. నీళ్ళలో వేసే ముందు మాత్రం మీద ఒక పూత క్లియర్ వార్నిష్ కొట్టాలి, లేకపోతే ముక్కలు ముక్కలుగా విడిపోతాయి.

ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు వచ్చాక ఈ బాధంతా ఎందుకని అడిగేవాళ్ళున్నారు. ప్రింట్ చేసిన విమానాలు నేనూ చూశాను, బావుంటాయి, ఇంజన్లకీ చక్రాలకీ అయితే నేనే వాడతాను. కానీ పల్చటి రెక్కకి, బోలు బాడీకి ఈ షీటు ఇచ్చే తేలికదనం వాటిలో నాకు కనపడలేదు. పైగా ఒకరి దగ్గర పెట్టెలో ముప్ఫై ఏళ్ళుగా మూలుగుతున్న కిట్టు చవగ్గా దొరుకుతుంటే వదులుకోవడం ఎందుకు?

మీరు మొదలుపెట్టాలనుకుంటే మాత్రం వాపిటీ వద్దు, రెండు రెక్కలది ఏదీ వద్దు. ఒకే రెక్క ఉన్న చిన్న జెట్ ఏదైనా చూసుకోండి, నాలుగైదు పెద్ద ముక్కలే ఉంటాయి. ముందు తోక ముక్క అరగదీయండి, పోయినా మిగిలిన షీటుతో ఇంకోటి కోసుకోవచ్చు. ఆ మిగిలిన షీటుని మాత్రం పారేయకండి.