మావాడి రెజ్లింగ్ బర్త్‌డే, అపార్ట్‌మెంట్ పర్మిషన్: నా అనుభవం

పార్టీ మొన్న ఆదివారం అయింది. టెంట్ హౌస్ పరుపులు ఇంకా మా వరండాలోనే ఉన్నాయి. కోపం ఆరకముందే రాసేస్తున్నాను.

మావాడికి ఎనిమిదేళ్లు నిండాయి. వాళ్ల నాన్న చిన్నప్పుడు ఆడుకున్న, రెజ్లర్ల బొమ్మలుండే ట్రంప్ కార్డులు అటక మీద దొరికినప్పటి నుంచి వాడికి రెజ్లింగే లోకం. 2023లో హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగిన రెజ్లింగ్ షోకి అమెరికా రెజ్లర్ జాన్ సీనా వచ్చాడని తెలిశాక ఇక చెప్పక్కర్లేదు. తిరుపతిలో ఈ వయసు పిల్లల బర్త్‌డేలన్నీ ఒకే తీరు: బెలూన్ల ఆర్చి, డీజే, తలా ఒక ఫోను. నాకది ఇష్టం లేదు. సరే, రెజ్లింగే పెడదామన్నాను.

కేకు, పునుగులు, నిమ్మకాయ నీళ్లు సులువుగానే కుదిరాయి. ఛాంపియన్ బెల్టులకు బంగారు రంగు ఫోమ్ షీట్లు, వెల్‌క్రో గాంధీరోడ్డు ఫ్యాన్సీ షాపుల్లో దొరికాయి. బెల్టులన్నీ నేనే కత్తిరించాను. కొన్నవాటికంటే బాగున్నాయని చూసినవాళ్లంతా అన్నారు, నిజంగానే బాగున్నాయి.

రింగు గురించి మాత్రం వివరంగా చెప్పాలి. అసలు రింగు ఇరవై అడుగుల చదరం. మాకు అందులో సగం చాలు. కింద పరుపులు, వాటి మీద కరాటే మాస్టారి దగ్గర అడిగి తెచ్చిన మ్యాట్లు. నాలుగు మూలలా సిమెంటు పోసిన బకెట్లలో పీవీసీ పైపులు నిలబెట్టి, స్పాంజి చుట్టాం. తాడు మాత్రం వాడొద్దు, మెడకు ఒరుసుకుంటే చర్మం లేస్తుంది. నేను మంచాలకు వాడే నవారు మూడు వరసలు కట్టాను. వెడల్పుగా, మెత్తగా ఉంటుంది.

ఇక పర్మిషన్. మా అపార్ట్‌మెంట్ పైన హాలు ఉంది. అద్దె, డిపాజిట్ ముందే కట్టేశాను. రసీదు మీద 'రెజ్లింగ్ బర్త్‌డే' అని ఉన్నది చూసి సెక్రటరీ నన్ను అసోసియేషన్ మీటింగుకి పిలిచారు. అందరూ కూర్చున్నారు, నన్ను మాత్రం కూర్చోమనలేదు. "ఏందమ్మా, పిల్లోళ్లని కొట్టుకోమని హాలు అడగతా ఉండావా?" అంటూ ఫోన్లో ఒకడు ఇంకొకడి వీపు మీద కుర్చీతో బాదే వీడియో పెట్టి అందరికీ చూపించారు.

నేను ప్లాను కాగితం రాసుకుని వెళ్లాను. పిల్లలు ఒకరితో ఒకరు కలబడరు, వాళ్ల ప్రత్యర్థి మాస్కు తొడిగిన లోడు దిండు, రెఫరీగా మా తమ్ముడు ఉంటాడు అని అందులో వరసగా ఉంది. ఒక్కరూ చదవలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో సాక్షి మలిక్ కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే సార్ అని చెప్పబోతే, "సార్‌ని పంపించమ్మా, ఆయనతో మాట్లాడతాం" అన్నారు. ప్రతి నెలా మెయింటెనెన్స్ కట్టేది నేను. హాలు అడిగింది నేను. అందరి ముందు నా చెవులు వేడెక్కిపోయాయి.

చివరికి తేల్చిందేమిటంటే, వంద రూపాయల స్టాంపు పేపరు మీద హామీ పత్రం కావాలి, వచ్చే ప్రతి పిల్లాడి తల్లిదండ్రులూ దాని మీద సంతకం పెట్టాలి. కోర్టు దగ్గర టైపు చేసే ఆయన విషయం పూర్తిగా వినకుండానే "సదరు మల్లయుద్ధ ప్రదర్శనలో పాల్గొను మైనరు బాలబాలికలకు అంగవైకల్యము కలిగినను" అని మొదలుపెట్టేశాడు. ప్రైజు మనీ ఎంతని కూడా అడిగాడు. బర్త్‌డే అన్నా, కేకు అన్నా, ఆ మాట తీయలేదు. ఫార్మాటు అంతేనంట.

అంగవైకల్యం అన్న మాట చూశాక ఏ తల్లి సంతకం పెడుతుంది? "మా ఆయన్ని అడగాల అక్కా" అని తలుపు వేసుకున్నవాళ్లున్నారు. మావాడితో ఒకే ఆటోలో బడికి పోయే పిల్లాడి ఇంట్లో కూడా వద్దన్నారు. ఆ రాత్రి మావాడు "నా ఫ్రెండ్స్ రారా అమ్మా?" అంటే నాకు ఏడుపొచ్చింది. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి గురించి గొప్పగా చెప్పుకుంటాం, మన పిల్లలు పరుపు మీద దొర్లితే మాత్రం స్టాంపు పేపరు అడుగుతాం. రోజంతా ఫోనులో తుపాకుల ఆటలు ఆడితే మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు.

దారి చూపించింది రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ డ్రిల్ మాస్టారు. నా ప్లాను మొత్తం చదివి, "నేను అక్కడే కూర్చుంటాను, రాయి నా పేరు" అని మొదటి సంతకం పెట్టారు. ఆ సంతకం చూసి మిగతావాళ్లు పెట్టారు. మీరూ ఇలాంటిది పెట్టుకుంటే రసీదులో 'బర్త్‌డే' అని మాత్రమే రాయించండి, తర్వాతి మాటలు తర్వాత. అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన్ని ముందే మీ వైపు తిప్పుకోండి.

పార్టీ మాత్రం అద్భుతం. ప్రతి పిల్లాడికీ సొంత పేరు, ఎంట్రీ పాట, ఒక ట్రంప్ కార్డు. అసలు కార్డుల్లో ఎత్తు, బరువు, ఛాతీ, కండలు ఉంటాయి. నేను బరువు తీసేసి ఇష్టమైన టిఫిను రాశాను, లావుగా ఉన్న పిల్లల్ని ఎవరూ ఏడిపించకూడదని. దిండుని పడగొట్టి మా తమ్ముడు మూడు లెక్కపెట్టేదాకా అదిమి పట్టాలి. చివర్లో రాయల్ రంబుల్: ఇద్దరితో మొదలై ఒక్కొక్కరే రింగులోకి వస్తారు, వీపుకి కట్టిన బెలూను పగిలితే అవుట్. గెలిచింది మూడో అంతస్తు పాప. ఒక్కరికి గీత కూడా పడలేదు. మాస్టారు మధ్యలో లేచి టెన్ కౌంట్ కూడా చెప్పారు.

డిపాజిట్ ఇంకా తిరిగి ఇవ్వలేదు. హాలు శుభ్రం చేసి, ఫోటోలు తీసి, రాతపూర్వకంగా అడిగాను. మీటింగులో తేలుస్తామన్నారు. ఆ మీటింగుకి మా ఆయన రారు, నేనే వెళ్తాను.