ఆక్సిజన్ లైన్‌కు అప్రూవల్: ఒక్క వాల్వు దగ్గరే ప్రాణం విసిగిపోయింది

సిలిండర్ల నుంచి ఆక్సిజన్ తెచ్చే మా పైపు లైన్‌కు నిన్ననే అప్రూవల్ వచ్చింది. డ్రాయింగులకు ఇబ్బంది లేదు, నైట్రోజన్‌తో లీక్ టెస్టు కూడా సాఫీగానే అయిపోయింది. నిద్ర లేకుండా చేసింది మాత్రం ఒక వాల్వు.

సిలిండర్ల వైపు నెమ్మదిగా తెరుచుకునే ఇత్తడి గ్లోబ్ వాల్వు కావాలని రాసిచ్చాను. కొనుగోలు విభాగం వాళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు బాల్ వాల్వు తెప్పించారు. సైజు అదే, ప్రెషర్ రేటింగు అదే, పైగా చవక అన్నారు. కుదరదన్నాను. మీటింగులో ఆ విభాగం పెద్దాయన అందరి ముందూ "ఆక్సిజన్ మండదండీ, స్కూల్లో చెప్పలేదా మీకు?" అన్నాడు. నలుగురూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది.

ఆక్సిజన్ మండదు, నిజమే. మండించేది అదే. లైనంతా ఆక్సిజనే ఉన్నచోట ఉక్కు కూడా ఒకసారి అంటుకుందంటే కట్టెలా కాలుతుంది. బాల్ వాల్వు పావు తిప్పుతోనే మొత్తం తెరుచుకుంటుంది. 150 బార్ ఒత్తిడి ఒక్కసారిగా ఖాళీ పైపులోకి దూకితే, మూసి ఉన్న చివర గ్యాసు నొక్కుకుపోయి, దాని వేడి 900 డిగ్రీలు కూడా దాటవచ్చు. అక్కడో రబ్బరు సీలో, కాస్త నూనె జిడ్డో ఉంటే చాలు, అంటుకుంటుంది. 1967లో అపోలో 1 క్యాబిన్‌లో స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపి నేలమీద పరీక్ష చేస్తుంటే మంటలు లేచి ముగ్గురు వ్యోమగాములు చనిపోయారని కూడా చెప్పాను. "అది రాకెట్ సంగతి" అని కొట్టిపారేశారు. పని ఆపుతున్నది నేనేనని పైవాళ్లకు మెయిల్ కూడా పెట్టారు.

బయటి నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు ఆ వాల్వు విప్పించి, లైట్లు ఆర్పించి, లోపలికి అల్ట్రావయొలెట్ లైటు వేశారు. సీటు (వాల్వు మూసుకునే చోటు) చుట్టూ నీలంగా మెరిసింది. తెల్లగుడ్డతో తుడిస్తే జిడ్డు అంటింది. బాల్ వాల్వు, గ్రీజు, రెండు కారణాలూ రాసి రిజెక్ట్ చేశారు. నేను మొదటి రోజు రాసిచ్చిన కాగితంలో ఆ రెండూ ఉన్నాయి!

మీకూ ఇలాంటి పని పడితే, ఆక్సిజన్ సర్వీసుకు శుభ్రం చేశామన్న లేబులు, సీలు వేసిన కవరు లేని పార్టు చేతిలోకే తీసుకోకండి. బిగించే నిమిషం దాకా కవరు విప్పకండి. మరలకు మామూలు గ్రీజు ఎవరు రాయబోయినా అక్కడే ఆపండి. "అలాంటిదే ఇంకోటి తెచ్చాం" అని కొనుగోలు వాళ్లంటే, ముందు ఆ మాట రాసిచ్చి సంతకం పెట్టమనండి.