సింబా, చిట్టిలతో సూర్యలంకలో మూడు రోజులు

మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి. సింబా ఆరేళ్ల లాబ్రడార్. చిట్టి వీధి కుక్క, గుంటూరు బ్రాడీపేటలో మా గేటు ముందు వానలో వణుకుతుంటే మా అమ్మాయి లోపలికి తెచ్చింది, ఇప్పుడు దానికి మూడేళ్లు. ఎప్పుడు ఊరెళ్లాలన్నా వీటిని ఎవరికి అప్పగించాలన్నదే మాకు మొదటి తలనొప్పి. పోయిన దసరాకి ఒక బోర్డింగ్‌లో వదిలి వెళ్తే సింబా నాలుగు రోజులు సరిగ్గా తిండే తినలేదట, తిరిగొచ్చాక చిట్టి రెండు రోజులు నా దగ్గరికి రాలేదు. మంచం కింద పడుకుని నన్ను అలా చూస్తూ ఉండేది. అప్పుడే మా వారితో చెప్పేశాను, ఇక వెళ్తే అందరం వెళ్దాం, లేకపోతే మానేద్దాం అని.

మాకు దగ్గర్లో సముద్రమంటే సూర్యలంకే. గుంటూరు నుంచి బాపట్ల 50 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఇంకో 9. కార్తీకంలోనే వెళ్దామనుకున్నాం కానీ ఆ నెలంతా సముద్ర స్నానాలకి వచ్చే జనంతో అక్కడ కాలు పెట్టే చోటుండదు, అంత గుంపులో కుక్కల్ని తిప్పడం వాటికీ కష్టం, జనానికీ భయం. అందుకే సంక్రాంతి హడావుడి తగ్గాక, పిల్లల చేత బడి మానిపించి మరీ, మంగళవారం బయల్దేరేలా పెట్టుకున్నాం. రైలు సంగతి కూడా ఆలోచించాం. ఫస్ట్ ఏసీలో కూపే అనే చిన్న గది మొత్తం మనమే బుక్ చేసుకుంటేనే కుక్కని మనతో ఉండనిస్తారు, లేదంటే రైల్లో గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లోని డాగ్ బాక్స్‌లో పెట్టాలి. గంటన్నర దారికి అదంతా ఎందుకని కారే ఖాయం చేశాం.

గది దొరకడం చాలా కష్టమైంది. ఏడు చోట్లకి ఫోన్ చేశాను. కొందరు కుక్క అనగానే పెట్టేశారు. ఒకాయన మాత్రం సరేనన్నారు, రెండు కుక్కలని చెప్పాను, ఫోటోలు కూడా పంపాను, అడ్వాన్స్ కూడా కట్టాను.

వెళ్లే ముందు వారం రెండింటినీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రేబిస్ టీకా గడువు చూశారు, ఏటేటా వేయించే మిగతా టీకాలూ చూశారు, పిడుదుల మందు వేశారు. బీచ్‌లో ఊరకుక్కల గుంపులుంటాయి, అవి వాటి చోట్లోకి కొత్త కుక్క వస్తే ఊరుకోవు, కాబట్టి టీకాల విషయంలో అశ్రద్ధ వద్దని గట్టిగా చెప్పారు. చిట్టికి కారు పడదు, ఎక్కిన పది నిమిషాలకే కక్కేస్తుంది. దానికి ఆయన చెప్పిన ఉపాయం బాగా పనిచేసింది. మొదటి రోజు ఆగి ఉన్న కారులో ఊరికే కూర్చోబెట్టడం, తర్వాత వీధి చివరిదాకా, ఆ తర్వాత అమరావతి రోడ్డులో కాసేపు, ప్రయాణం రోజున మాత్రం బయల్దేరడానికి నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టకుండా నీళ్లు మాత్రం ఇవ్వడం. పొన్నూరు దాకా ఒక్కసారి కూడా కక్కలేదు. చేబ్రోలు దాటాక కోతలైన వరి చేలల్లో మినుము పచ్చగా మొలిచి ఉంది, చిట్టి కిటికీ దగ్గర ముక్కు పెట్టి అదంతా వాసన చూస్తూనే వచ్చింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సూర్యలంక చేరాక అసలు గొడవ మొదలైంది. గది ఇస్తానన్నాయన బయటికి వచ్చి సింబాని చూసి నవ్వాడు, చిట్టిని చూడగానే మొహం మారిపోయింది. "లాబ్రడార్ అయితే సరేనండీ, ఇది ఊరకుక్క కదా, వేరే గెస్టులు ఒప్పుకోరు" అన్నాడు. ఫోటో పంపాను కదండీ అంటే ఏదో జాతి కుక్క అనుకున్నానన్నాడు. దానికి టీకాల కార్డుంది, వారానికోసారి స్నానముంది, ఇంట్లో ఒక్క చుక్క ఒంటికి పోయదు, సింబాకన్నా బుద్ధిమంతురాలు. కార్డు తీసి చూపించాను, చూడను కూడా చూడలేదు. చిట్టిని కారులో కట్టేసి ఉంచమన్నాడు. మా అత్తయ్య అసలు కుక్కలతో ప్రయాణమే వద్దన్న మనిషి, ఆవిడే ముందు కారెక్కి కూర్చుని "అమ్మాయ్, పద, దాన్ని వద్దన్న చోట మనకేం పని" అంది. అడ్వాన్స్ సగమే తిరిగి వచ్చింది.

అరగంట తిరిగాక సరుగుడు తోటల పక్కన ఒక పెంకుటింట్లో రెండు గదులు దొరికాయి. ఇంటావిడ అడిగిందల్లా ఒకటే, కోళ్లని తరమకుండా చూసుకుంటారా అని.

ఆ సాయంత్రం మేం చేసిన పొరపాటు చెప్పాలి, కుక్కతో సముద్రానికి వెళ్లేవాళ్లెవరైనా ఇది తెలుసుకోవాలి. సింబాకి నీళ్లంటే ప్రాణం. పిల్లలు బంతి విసరడం, అది అలల్లోకి దూకి తేవడం, గంటసేపు అదే ఆట. బంతిని నోట కరుచుకున్న ప్రతిసారీ దాని గొంతులోకి ఉప్పునీళ్లు పోతున్నాయని మాకు తట్టలేదు. రాత్రి పది దాటాక వాంతులు మొదలయ్యాయి, వెంటనే నీళ్ల విరేచనాలు. టెన్షన్‌తో గుంటూరు డాక్టరుకి ఫోన్ చేస్తే ఆయన ఎత్తారు, ఆ రుణం తీర్చుకోలేను. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీళ్లని పేగుల్లోకి లాగేస్తుందట, మరీ ఎక్కువైతే మెదడు మీద పడుతుందట. వాంతులు ఆగేదాకా తిండి పెట్టొద్దు, మంచినీళ్లు ఒకేసారి గిన్నెడు కాకుండా కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి, తూలినా, వణికినా, పిలిస్తే పలక్కపోయినా వెంటనే బయల్దేరి రండి అన్నారు. మా వారూ నేనూ దాని పక్కనే నేల మీద కూర్చుని పావుగంటకోసారి చెంచాలతో నీళ్లు పట్టాం. రెండింటికి వాంతులు ఆగాయి. తెల్లవారుజామున తోక ఆడించింది.

మర్నాటి నుంచి బంతి ఇవ్వలేదు, లావుపాటి నూలు తాడు ముక్క విసిరాం, దాన్ని కరవడానికి నోరు అంతగా తెరవక్కర్లేదు. అదీ పది నిమిషాలే. తర్వాత ఒడ్డుకి పిలిచి, నీడలో కూర్చోబెట్టి, ఇంటి నుంచి తెచ్చిన క్యాన్‌లోని మంచినీళ్లు.

రెండో రోజు నేర్చుకున్నది ఇసుక వేడి. జనవరే కదా అని పదకొండింటికి కూడా ఒడ్డునే ఉన్నాం. చిట్టి ఒక్కో కాలూ ఎత్తి దించుతుంటే ఆడుతోందనుకున్నాం, మా అబ్బాయి చెప్పులు విప్పి "అమ్మా, కాలుతోంది" అనేదాకా అర్థం కాలేదు. అరచెయ్యి వెనక్కి తిప్పి ఇసుక మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా అక్కడ పెట్టకూడదు. ఇక ఆ రోజు నుంచి మా టైము వాటి పాదాలని బట్టే నడిచింది. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, మళ్లీ నాలుగున్నర నుంచి చీకటి పడే ముందు వరకు. మధ్యలో ఇంటి దగ్గర నిద్ర. బాపట్ల భావనారాయణ స్వామి గుడికి కూడా వంతులవారీగా వెళ్లాం, అత్తయ్య, మా వారు, పిల్లలు ముందు, వాళ్లు తిరిగొచ్చాక నేను. కుక్కల్ని కారులో ఉంచి అందరం ఒకేసారి వెళ్లొచ్చని మా వారు అన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే 10 డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది, అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు.

ఒడ్డు వెంట పొద్దున నడుస్తుంటే ఒకచోట పట్టాల మీద నెత్తళ్లు ఎండబెట్టి ఉన్నాయి. బెల్టు నా చేతిలోంచి జారింది, చిట్టి వెళ్లి రెండు గుక్కల్లో నోటినిండా తినేసింది. అక్కడున్న ముసలావిడ కర్ర తీసుకుని పరుగున వచ్చింది. నేను దండం పెట్టి డబ్బులిస్తే తీసుకుంది, తీసుకుని తిట్టడం మానేసి నాకో మంచి మాట చెప్పింది. "ఒడ్డున పడేసిన చేపల్లో విషపు చేపలుంటాయమ్మా, ఉబ్బి గుండ్రంగా ఉంటాయి, మీ కుక్కని వాటి జోలికి పోనీకు" అంది. అవి బుడగ చేపలు, ఎండినా వాటి విషం పోదు. గాలాలు, వల ముక్కలు కూడా చాలా చోట్ల కనిపించాయి. ఆ తర్వాత బెల్టు మణికట్టుకి చుట్టుకునే నడిచాను.

చీకటి పడ్డాక కుక్కల్ని తీసుకురావద్దని ఇంటావిడ భర్త చెప్పారు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రుళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గొయ్యి తీసి గుడ్లు పెడతాయి, ఒక్కోటి దాదాపు 100 గుడ్లు. కుక్కలు వాసన పట్టి తవ్వేస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అవి అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మా చిట్టి ఎక్కడ చూసినా గొయ్యి తవ్వే రకం, కాబట్టి ఆయన మాట అక్షరాలా పాటించాం. మా అమ్మాయి అయితే చివరి రోజు చిట్టి ఇసుకలో కాలు పెట్టి గీకితే చాలు గాభరాగా లాగేసేది.

మూడో రోజు సాయంత్రం అత్తయ్య చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని అలల దగ్గర కూర్చుంది. చిట్టికి సముద్రమంటే అప్పటిదాకా భయమే, అల వస్తే వెనక్కి, పోతే ముందుకి. ఆవిడ కూర్చుందని చూసి తనూ వెళ్లి పక్కన కూర్చుంది. అల వచ్చి ఇద్దర్నీ తడిపింది. లేవలేదు.

ఇంటికొచ్చాక రెండింటినీ మంచినీళ్లతో కడిగి, వేళ్ల మధ్య ఇసుక తీసి, చెవులు పొడి గుడ్డతో తుడిచాను. అయినా నాలుగో రోజుకి సింబా చెవి గోకుతూ తల విదిలించడం మొదలుపెట్టింది, వేలాడే చెవుల్లో తడి ఉండిపోతే అంతేనట, చుక్కల మందు వారం వేశాం. వచ్చేసారి నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ అక్కడే తుడవాలి. గది కోసం మాత్రం వెతకక్కర్లేదు, నిన్ననే ఆ పెంకుటింటావిడకి ఫోన్ చేస్తే కోళ్లని గంప కింద పెట్టి ఉంచుతాలే, రెండింటినీ తీసుకురండి అంది.