చెంబు వెనక్కి పోని గ్లాసు

ఈ శనివారం కూడా పిల్లల బొమ్మల్లో గ్లాసు చెంబు వెనక్కి పోలేదు. బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్, నేను చెప్పే డ్రాయింగ్ క్లాసు, ఆరేడేళ్ల బ్యాచ్, మళ్లీ అదే తంతు. విసుగొచ్చేసింది.

పదేళ్ల వాళ్లకు కుర్చీ గీసే పాఠం బాగా కుదిరింది. నాలుగేళ్ల వాళ్లు ఏ3 నిండా ఇష్టారాజ్యంగా గీశారు, వాళ్లతో గొడవే లేదు.

ఇక చెంబు. 45 సెంటీమీటర్ల ఎత్తు టీపాయ్ మీద ముందు రాగి చెంబు, వెనక స్టీలు గ్లాసు. పక్కనుంచి రెండు వేళ్ల మందమే కనబడాలి. ఇదివరకు కుర్చీల్లో కూర్చున్నప్పుడు టేపు పెట్టి చూస్తే పిల్లల కళ్లు నేలకు 88 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయి. పైనుంచి గ్లాసు అంచు కనిపిస్తోంది, అందుకే మొత్తం గీస్తున్నారనుకున్నా. ఈసారి చాప మీద కూర్చోబెడితే కళ్లు 54కి దిగాయి. అయినా పూర్తి గ్లాసే! స్టీలు మెరుపేమోనని ఎర్ర ప్లాస్టిక్ గ్లాసు పెట్టా, ఫలితం సున్నా. కాగితం అడ్డంగా ఉంటే గ్లాసు పక్కన నిలబడింది, నిలువుగా తిప్పితే చెంబు నెత్తినెక్కింది. ఒకడైతే చెంబు గీసి, దాని మీదే గ్లాసు మొత్తం గీశాడు, ఎక్స్‌రే తీసినట్టు. "సగమే గీస్తే గ్లాసు పగిలిపోయిందనుకుంటారు ఆంటీ" అంది ఒక పిల్ల. దానికి నా దగ్గర జవాబు లేదు.

చూపులో తేడా ఏమీ లేదు. ఈ వయసువాళ్లు కనబడింది కాకుండా తెలిసింది గీస్తారని పిల్లల బొమ్మల్ని పరిశోధించిన ఫ్రెంచి పండితుడు లూకే 1927లోనే రాశాడు. 1972లో ఫ్రీమన్, జానికౌన్ అనే పరిశోధకులు 5-9 ఏళ్ల పిల్లల ముందు పిడి కనబడకుండా కప్పు పెడితే, చిన్నవాళ్లు పిడి కూడా గీశారు. ఎనిమిదేళ్లు దాటినవాళ్లు మాత్రం దాన్ని వదిలేశారు. అంటే ఈ పాఠం ఇంకో ఏడాది ఆగాలా? నాకు ఆగబుద్ధి కావడం లేదు.

బోర్డు మీద గీత గీతకీ ఆగి, చూసి గీయమనే పద్ధతి మాత్రం నాకొద్దు. పాతిక కాగితాల్లోనూ ఒకటే చెంబు ఉంటుంది. అన్నట్టు, ఈ వయసుకి డోమ్స్ 2బి, మామూలు కామెల్ ఆయిల్ పాస్టెల్స్ చాలు. ఫేబర్-కాస్టెల్ పెద్ద సెట్టు అమ్మానాన్నల సరదాకే. రబ్బరు అసలే వద్దు, గ్లాసు మీద గ్లాసు చెరుపుతూ గంట గడిపేస్తారు.

వచ్చేవారం పెన్సిల్ పక్కన పెట్టేస్తున్నా. గ్లాసు మొత్తం గీసుకోనిచ్చి, చార్టు పేపర్ చెంబు కత్తిరించి దాని మీద అతికించమంటా. ఆ తర్వాత దొంగ-పోలీసు. గోడ వెనక దొంగ దాక్కుంటున్నాడని కథ చెబితే ఈ వయసువాళ్లలోనూ చాలామంది సగం మనిషినే గీస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త మౌరీన్ కాక్స్ ప్రయోగాల్లో తేలింది. దాగుడుమూతలు మావాళ్లకు బాగానే వచ్చు. పదేళ్ల బ్యాచ్‌ని జనవరిలో కుమారకృప రోడ్డు మీద జరిగే బొమ్మల సంత, చిత్రసంతెకి తీసుకెళ్లాలి, అక్కడ తల వెనక తలలే. దానికంటే ముందు చార్టు పేపర్, గ్లూస్టిక్స్ కొనాలి. ఫెవికాల్‌తో కాగితం ముడతలు పడుతోంది.